హాల్లో పిరానాలు, అరుగు మీద ప్రభుత్వం

విజయనగరం కోట వెనకవీధిలో పిరానా చేపలు పెంచుతున్న పెద్దమనిషి ఎవరయ్యా అంటే దూసి కూర్మనాథం గారు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఆయన కాలం హాయిగా వెళ్ళిపోయేది కూడా. ఆయనే పనిగట్టుకుని వెళ్ళి చెప్పారు. ఖర్మ, ఇంకేమనాలి!

కూర్మనాథం గారు జూట్ మిల్లులో టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి. బతుకంతా మగ్గాల హోరులో గడిచింది. అందుచేత ఇంట్లో మంచినీళ్ళు అడిగినా అవతలి షెడ్డుకి వినపడేలా అడిగేవారు. రిటైరయ్యాక బి.పి. పట్టుకుంది. డాక్టరు బిళ్ళలు రాసి, వాటితోపాటు ఇంట్లో ఒక చేపల తొట్టి పెట్టుకోమనీ, రోజూ సాయంత్రం దాని ముందు కాసేపు మాట్లాడకుండా కూర్చోమనీ సలహా ఇచ్చాడు. మాట్లాడకుండా అన్న మాట చెవిన పడగానే ఆయన భార్య వరహాలమ్మ గారు అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు.

తొట్టి అమ్మిన కొట్టువాడు కాసిని బంగారు చేపలు, వాటితోపాటు వెండి ఒళ్ళూ ఎర్ర పొట్టా ఉన్న నాలుగు చిన్న చేపలు ఇచ్చాడు. ఈ ఎర్ర పొట్టవి గట్టి సరుకు, ఓ పట్టాన చావవని చెప్పాడు. వాడి మాట అబద్ధం కాలేదు. తెల్లారేసరికి బంగారు చేపలు లేవు. గట్టి సరుకు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. ఆ తర్వాత పక్కింటి లెక్చరరు వచ్చి, అద్దంలోకి తొంగి చూసి, వీటిని పిరానాలంటారనీ, వీటి పళ్ళు రంపం పళ్ళనీ, వేలు పెడితే వేలు మీది కాదనీ చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికే కూర్మనాథం గారికి వాటితో మమకారం కుదిరిపోయింది. అంత భయంకరమైన చేపలూ వరహాలమ్మ గారు మిక్సీ వేస్తే చాలు, హడలిపోయి తొట్టిలో పెట్టిన ప్లాస్టిక్ కోట వెనకాల ఒకదాని చాటున ఒకటి దాక్కునేవి. మిక్సీ ఆగాక ముందు అన్నిట్లోకీ చిన్నది తల బయటపెట్టి చూసేది. సాయంత్రం ఇన్ని రొయ్యలు వేసి, దీపం తగ్గించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే, బతుకులో మొదటిసారి చెవులు చల్లబడినట్టుండేది. నెల తిరక్కుండా బి.పి. దిగింది. డాక్టరు ఒక బిళ్ళ మానిపించాడు. వరహాలమ్మ గారికి మాత్రం ఆ చేపలంటే గిట్టేది కాదు.

"మనం తినీ చేపని కొనుక్కొచ్చి, దానికి మనం తినిపించడవేటండీ?" అనేవారు.

ఇలా ఉండగా ఎక్కడో ఒక పల్లెటూరి చెరువులో మనిషి పళ్ళలాంటి పళ్ళున్న చేప దొరికింది. అది సంతలో దొరికే రూప్‌చంద్ అనీ, తాము దాన్ని పులుసు పెట్టుకు తింటున్నారనీ ఆ ఊరివాళ్ళు మొత్తుకున్నా టీవీవాళ్ళు వినలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని పళ్ళే చూపించారు. ప్రజలు బెంబేలెత్తిపోయారు. ప్రజలు బెంబేలెత్తితే ప్రభుత్వం ఊరుకోదు కదా! వారం తిరక్కుండా ప్రమాదకర జలచరాల నియంత్రణ, స్వాధీన, పర్యవేక్షణ విభాగం అని ఒకటి పుట్టింది. దానికి జిల్లాకో అధికారి, అధికారికో జీపు, జీపుకో డ్రైవరు వచ్చారు. రానివి పిరానాలు మాత్రమే. విభాగం ఉండి పిరానాలు లేకపోతే ఎలా? అందుకని స్వచ్ఛంద వెల్లడి వారోత్సవాలు ప్రకటించారు. మీ ఇంట్లో ప్రమాదకర జలచరం ఉంటే మీరే వచ్చి చెప్పండి, మిమ్మల్ని సన్మానిస్తాం అని ఆటోలో మైకు పెట్టి వీధివీధీ తిప్పారు.

ఆ మైకు విన్నప్పటినుంచి కూర్మనాథం గారికి అన్నం సహించలేదు. మిల్లులో ఒక్క నిమిషం ఎవరికీ అటూ ఇటూ వేయని మనిషి. వద్దని వరహాలమ్మ గారు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అవేమైనా వీధిలోకొచ్చి అరుస్తున్నాయా, కరుస్తున్నాయా, మనకెందుకొచ్చిన గొడవ అన్నారు. ప్రభుత్వానికి తెలియకుండా పెంచుకుంటే అవి దొంగచేపలవుతాయనీ, తెలిసి పెంచుకుంటే దొరచేపలవుతాయనీ ఆయన నచ్చజెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. నమోదు చేసుకుని పంపేస్తారని ఆయన నమ్మకం.

జిల్లా అధికారి పరాంకుశం గారు ఆయన్ని కౌగిలించుకోవడం ఒక్కటే తక్కువ. వారోత్సవాలు ముగింపుకొస్తున్నా అంతవరకూ ఒక్క పురుగూ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. "మీవంటి బాధ్యతాయుత పౌరుల వల్లనే ఈ విభాగం మనుగడ సాధ్యమగుచున్నది" అని శాలువా కప్పి, ఫొటో తీయించి, ఆ శాలువా తీయకుండానే ఆయన్ని జీపులో ఎక్కించుకుని ఇంటికి వచ్చి, చేపల్ని స్వాధీనం చేసుకుంటున్నట్టు ప్రకటించారు.

అయితే తీసుకెళ్ళడానికి చిక్కొచ్చింది. విభాగానికి ఆఫీసైతే ఉంది, పశువుల ఆసుపత్రి మేడమీద. అందులో నీళ్ళుండే వస్తువు మంచినీళ్ళ కూజా ఒక్కటే. పరాంకుశం గారు మార్గదర్శకాలు తిరగేశారు. స్వాధీనపరచుకున్న జలచరాన్ని చంపరాదు, అమ్మరాదు, చెరువుల్లో వదలరాదు, యజమాని వద్ద ఉంచరాదు అని ఉంది. మరి ఎక్కడ ఉంచాలన్నది రెండో భాగంలో వస్తుందట. రెండో భాగం ఇంకా పరిశీలనలో ఉందట. ఆయన కాసేపు తొట్టి కేసీ, కాసేపు కూర్మనాథం గారి కేసీ చూశారు.

"చేపలను యజమాని వద్దనుండి తొలగించుట ప్రస్తుతం సాధ్యపడదు. కనుక యజమానిని చేపల వద్దనుండి తొలగించుట ఒక్కటే మార్గం. దీనిని యథాస్థాన స్వాధీనం అందురు" అన్నారు.

ఆ సాయంత్రానికి హాలు ప్రభుత్వానిదైపోయింది. గుమ్మానికి అడ్డంగా ఎర్ర తాడు కట్టారు. గోడకి పుర్రె బొమ్మ వేసిన బోర్డు పెట్టారు. కాపలాకి ఒక గార్డుని అరుగు మీద కూర్చోబెట్టారు. ఇంటి లోపల హాల్లోంచి తప్ప వంటింటికి దారి లేదు గనక వరహాలమ్మ గారు వీధి చుట్టి, పెరటి సందులోంచి వంటింట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. పైగా దేవుడి గూడు హాల్లోనే ఉండిపోయింది. దీపం పెట్టుకోవాలని ఆవిడ గార్డుతో గొడవపడితే, పరాంకుశం గారు స్వయంగా వచ్చి, ఇద్దరు సాక్షుల సమక్షంలో పంచనామా రాయించి, దేవుళ్ళు జలచరాలు కారని నిర్ధారించి విడుదల చేశారు. మత్స్యావతారం పటం మాత్రం పైనుంచి స్పష్టత వచ్చేదాకా లోపలే ఉంచారు.

ఒక గార్డుంటే వాడి హాజరు వేసేవాడు కావాలి. హాజరు వేసేవాడుంటే వాడికి బల్ల కావాలి, బల్ల పెట్టాక ఫైళ్ళు పుడతాయి, ఫైళ్ళకి బీరువా కావాలి. బీరువా హాల్లో పట్టక పడకగదిలోకి వెళ్ళింది. ప్రభుత్వ రికార్డులున్న గదిలో ప్రైవేటు వ్యక్తులు నిద్రపోరాదన్నారు. ఆ తర్వాత కార్యాలయ ఆవరణలో వంట చేయరాదన్నారు. ఆఖరికి కూర్మనాథం గారూ, వరహాలమ్మ గారూ మంచాలూ గిన్నెలూ మోయించుకుని ఎదురింటి మేడమీద అద్దెకు దిగారు. అక్కడి పిట్టగోడ దగ్గర నిలబడితే సొంత ఇంటి కిటికీలోంచి తొట్టి దీపం నీలంగా కనిపించేది. ఆయన కుర్చీ తెచ్చి ఆ పిట్టగోడ దగ్గరే వేసుకున్నారు. చేపలు కనపడవు, వెలుగు కనపడుతుంది, అంతే. డాక్టరు మానిపించిన బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇంతలో చేపలు తిండి మానేశాయి. కారణం టెండరు. జలచరాల ఆహార సరఫరాకి టెండరు పిలిస్తే, తక్కువకి పాడుకున్నవాడు పశువుల దాణా కాంట్రాక్టరు. వాడు రోజూ పొద్దున్నే తవుడు తెచ్చి, శ్రద్ధగా తొట్టిలో చల్లి, సంతకం పెట్టి వెళ్ళేవాడు. పిరానాలు ఆ తవుడు కేసి చూసేవి, తవుడు వాటి కేసి చూసేది. చేపలు చిక్కిపోతే ప్రభుత్వ ఆస్తికి నష్టం కింద పరాంకుశం గారి జీతం మీదికి వస్తుంది. ఆయన ఆదరాబాదరా ఎదురింటి మేడ మెట్లెక్కి, ఏమి పెడితే తింటాయో సెలవివ్వమన్నారు. రొయ్యలు పెట్టి, దీపం తగ్గించి, పక్కన కూర్చుని, తినేదాకా కదలకుండా ఉండాలని కూర్మనాథం గారు చెప్పారు.

అంతటి నైపుణ్యం విభాగంలో ఎవరికీ లేదు గనక ఆయన్నే ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో జలచర పోషణ సహాయకుడిగా నియమించారు. పొద్దున్న వేలిముద్ర, సాయంత్రం వేలిముద్ర. మెళ్ళో ఫొటో ఉన్న కార్డు. సొంత ఇంటి తలుపు ముందు చెప్పులు విడిచి, గార్డుకి కార్డు చూపించి లోపలికి వెళ్ళి, కూర్మనాథం గారు తొట్టి ముందు కూర్చున్నారు. చిన్నది కోట వెనకనుంచి వచ్చి అద్దానికి మూతి ఆనించింది. ఆ వేళ ఆయన డ్యూటీలో ఉండగానే కళ్ళు తుడుచుకున్నారు. ఇల్లు పోతే పోయింది, వీటిని చూసుకోనిస్తే చాలని ఆ రాత్రి భార్యతో చెప్పారు. వరహాలమ్మ గారు అటు తిరిగి పడుకున్నారు.

అలాగే సాగిపోయేదే. కానీ వేసవి వచ్చింది. వేసవిలో ఉష్ణోగ్రతలూ వస్తాయి, బదిలీలూ వస్తాయి. సొంత మండలంలో పనిచేయరాదన్న నిబంధన అన్ని శాఖల్లోనూ ఉన్నదే. కూర్మనాథం గారు సొంత మండలంలోనే కాదు, సొంత ఊళ్ళో, సొంత వీధిలో, సొంత హాల్లో పనిచేస్తున్నట్టు ఎవరో పైకి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పరాంకుశం గారు అదిరిపడ్డారు. విభాగం చరిత్రలో ఇంతటి నిబంధనల ఉల్లంఘన ఎన్నడూ జరగలేదన్నారు. విభాగానికి అప్పటికి ఏడాది నిండలేదు.

కూర్మనాథం గారిని పార్వతీపురం కేంద్రానికి బదిలీ చేశారు. అదీ ఒక ఇల్లే. అక్కడ తవిటినాయుడు అని రిటైరైన బస్సు డ్రైవరు, హారన్లు వినీ వినీ విసిగి, ప్రశాంతత కోసం పిరానాలు పెంచుకుని, మైకు విని వెళ్ళి నిజం చెప్పేశాడు. ఆయనకీ శాలువా కప్పారు. ఆయన హాల్లోనూ బోర్డు పెట్టారు. ఆయన్నీ పోషణ సహాయకుడిగా వేశారు. ఇప్పుడు ఆయన్ని విజయనగరం కేంద్రానికి, అంటే కూర్మనాథం గారి హాలుకి బదిలీ చేశారు. వరహాలమ్మ గారు ఎదురింటి మేడమీంచి రోజూ తవిటినాయుడికి మజ్జిగ పంపేవారు. అక్కడ తవిటినాయుడి భార్య కూర్మనాథం గారికి అంబలి పంపేది.

పార్వతీపురం చేపలు మంచివే. వేళకి తినేవి, పేచీ పెట్టేవి కావు. కానీ ఒకరి పిల్లల్ని ఎత్తుకు తిరిగినట్టుండేది ఆయనకి. పోనీ శనివారం ఇంటికెళ్ళినప్పుడైనా తన చేపల్ని చూద్దామంటే, ఇతర కేంద్రాల సిబ్బందికి ప్రవేశం లేదని గార్డు ఆపేశాడు. అదే గార్డు. ఏం చేస్తాడు పాపం, రూలు అది. మళ్ళీ పిట్టగోడ, మళ్ళీ నీలం వెలుగు. బి.పి. ఎంత పెరిగిందో ఆయన ఇంట్లో చెప్పలేదు.

ఒక శనివారం సాయంత్రం బొబ్బిలి బస్టాండులో ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఒకాయన అటు వెళ్ళే బస్సు, ఒకాయన ఇటు వెళ్ళే బస్సు. మెళ్ళో కార్డులు చూసి ఒకరినొకరు పోల్చుకున్నారు. టీ చెప్పుకున్నారు.

"మీ చిన్నది నాకు మాలిమి అవడం లేదు బాబూ," అన్నాడు తవిటినాయుడు. "కోట ఎనకనుంచి రాదు. ఎలగ పిలిస్తే వొస్తాది?"

పిలవక్కర్లేదనీ, అటు తిరిగి కూర్చుంటే దానంతటదే వస్తుందనీ కూర్మనాథం గారు చెప్పారు. తవిటినాయుడి చేపలు కొర్రమేను ముక్క కన్నా రొయ్య తలకాయలకి ఎక్కువ మొగ్గుతున్నాయని కూడా చెప్పారు. తవిటినాయుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రొయ్య తలకాయలు తను మొదట్నుంచీ పెట్టేవాడట, టెండర్లొచ్చాక మానిపించారట. ఆ తర్వాత ప్రతి శనివారం వాళ్ళ బస్సులు వెళ్ళిపోతుండేవి, వాళ్ళు మాత్రం బెంచీ మీంచి లేచేవారు కాదు. ఒకరి చేపల సంగతి ఒకరు చెప్పుకుంటూ వచ్చే బస్సుకి పోదాంలే అనుకునేవారు.

ఆ బెంచీ మీదే మ్యూచువల్ సంగతి తట్టింది. టీచర్లు చేస్తున్నారు, నర్సులు చేస్తున్నారు, మనం ఎందుకు చేయకూడదు? నీ స్థానంలోకి నేను, నా స్థానంలోకి నువ్వు. ఇద్దరూ ఉమ్మడిగా దరఖాస్తు పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం కాసేపు సొంత చేపల దగ్గర కూర్చోనిస్తే జీతం కూడా అక్కర్లేదని కింద రాశారు. పరాంకుశం గారు అది చదివి చలించిపోయారని వాళ్ళకి తర్వాత తెలిసింది. ఎందుకంటే విభాగంలో ఎవరూ జీతం అక్కర్లేదని అంతకుముందు రాయలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పార్వతీపురం కేంద్రానికి ఫోనొచ్చింది. మ్యూచువల్ బదిలీ మంజూరైంది, ఈరోజే అమలు, సార్ స్వయంగా వస్తున్నారు, సిద్ధంగా ఉండండి అన్నారు. కూర్మనాథం గారికి కాళ్ళు నేలమీద ఆనలేదు. భార్యకి ఫోన్ చేసి, మిల్లు గొంతుతో, వచ్చేస్తున్నానని చెప్పారు. వంకాయ కాల్చి పచ్చడి చేస్తానని ఆవిడన్నారు. ఆయన బట్టలు సంచిలో సర్దుకున్నారు. తవిటినాయుడి చేపల దగ్గర కూర్చుని, మీ నాయుడు వచ్చేస్తున్నాడర్రా అని చెప్పారు. మధ్యాహ్నానికి సంచీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉన్నారు.

జీపు వచ్చింది. పరాంకుశం గారు దిగారు. వెనకనుంచి ఇద్దరు మనుషులు ఒక నీలం డ్రమ్ము దింపారు. కూర్మనాథం గారు లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, జీపెక్కబోయారు.

"మీరెక్కడికి?" అన్నారు పరాంకుశం గారు.

మ్యూచువల్ కదండీ, విజయనగరం వెళ్ళిపోతున్నానన్నారు ఆయన. పరాంకుశం గారు మొహం కాస్త ఇబ్బందిగా పెట్టి, చెయ్యి పట్టుకుని ఆయన్ని మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టారు.

"ఒకచోట రెండేళ్ళు నిండని సిబ్బందికి మ్యూచువల్ వర్తించదండి. అదీగాక సొంత ఇంటి నిబంధన ఉండనే ఉన్నది. అయితే మీ దరఖాస్తును మానవతా దృక్పథంతో పరిశీలించితిమి. మీరు కోరినది సొంత చేపల సాన్నిధ్యం. చేపలకు కనీస సర్వీసు నిబంధన లేదు. సొంత మండలం నిబంధన అసలే లేదు. అందుచేత చేపలకు మ్యూచువల్ మంజూరు చేసినాము. మీవి ఇక్కడికి, ఆయనవి అక్కడికి. రాష్ట్రంలో ఇదే ప్రథమం" అన్నారు.

ఆయన ఆ మాట అన్న తీరు చూస్తే, ఏమాటకామాటే చెప్పుకోవాలి, నిజంగా మేలు చేశాననే అనుకుంటున్నారు. ఈలోగా మనుషులు తవిటినాయుడి చేపల్ని పట్టి ఇంకో డ్రమ్ములోకి ఎత్తారు. నీలం డ్రమ్ము మూత తీశారు. అడుగున ఒకదాని చాటున ఒకటి దాక్కుని, నాలుగూ వణుకుతున్నాయి. జీపు మోత పడలేదు వాటికి. అన్ని గతుకులూ, అంత దూరం!

అంతే, కూర్మనాథం గారు సంచీ కింద పడేసి, పంచె పైకి ఎగ్గట్టి, పక్కకి జరగండయ్యా అని అందర్నీ తోసేశారు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కదాన్నీ వలతో తనే ఎత్తి తొట్టిలోకి దింపారు. దీపం తగ్గించారు. పరాంకుశం గారు ఫొటో తీయించుకుని వెళ్ళిపోయారు. కూర్మనాథం గారు కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చున్నారు. చాలాసేపటికి వెనకాల నీళ్ళు కదిలిన చప్పుడైంది. మెల్లిగా తల తిప్పి చూస్తే చిన్నది అద్దానికి మూతి ఆనించి ఉంది. ఆయనకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇల్లు ఇక రాదన్న సంగతి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అయినా లేవబుద్ధి కాలేదు.

వాన పట్టుకుంది. చీకటి పడుతుండగా ఫోను మోగింది. వరహాలమ్మ గారు. వంటలో పడి జీపు వచ్చి వెళ్ళిన సంగతి చూసుకోలేదు కాబోలు, పచ్చడి చేసి, అన్నం వార్చి, పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తున్నట్టున్నారు.

"ఎక్కడున్నారండీ? బస్సు బొబ్బిలి దాటిందా?"

"నేను రాలేదే," అన్నారు ఆయన నెమ్మదిగా. "అవే వచ్చీసాయి."

వాన చప్పుడు వినపడుతోంది, అక్కడిదో ఇక్కడిదో తెలియలేదు. ఫోను పెట్టేశారేమో అనుకుని ఆయన చెవి దగ్గర్నుంచి తీసి చూశారు. పెట్టలేదు.

"తిన్నాయా?" అన్నారు ఆవిడ.